మిగిలిన మూడు మంగళవారాలు

రెండు నెలల కిందట ఒక మంగళవారం ఉదయం నా భార్య చనిపోయింది. ఇలాంటి చోట రాసే మెత్తని మాటలు నాకూ తెలుసు. వాడడం లేదు. ఉన్నమాటను చుట్టూ తిప్పి చెప్పడం ఆమెకు నచ్చేది కాదు.

మంచం అంచున కూర్చుని జడ వేసుకుంటోంది. మంచినీళ్ళు అడిగింది. నేను గ్లాసుతో వచ్చేసరికి పక్కకు ఒరిగి ఉంది. గుండె అని డాక్టరు చెప్పాడు. ఆ ఉదయం గురించి అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

బంధువులకు, మా చర్చి సంఘంవాళ్ళకు పదింటికల్లా తెలిసిపోయింది. ఒక్క ఊరికి మాత్రం ఎవరమూ చెప్పలేదు. మధ్యాహ్నం మూడింటికి ఆమె ఫోను మోగింది. ఇంటినిండా మనుషులు. నేనే తీశాను. అవతల పైడమ్మ. గజపతినగరానికి కాస్త దూరంలో ఉన్న ఒక పల్లెలో, మేము ప్రతి మంగళవారం సినిమా చూపించే ఇల్లు ఆమెది.

"అమ్మ బయల్దేరిందేటి మాస్టారూ? అందరం వచ్చీసి కూకున్నాం."

చెప్పాను. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. పైడమ్మ వెనక్కి తిరిగి చెప్పినట్టుంది. ఆడవాళ్ళ గొంతులు ఒక్కసారిగా లేచాయి, మళ్ళీ ఆగాయి. అప్పుడు వెనకనుంచి ఎవరిదో గొంతు, "మరి పదోదో?" అంది.

"సీ, ఊరుకోయే," అంది ఇంకో గొంతు.

నాకు కోపం రాలేదు. ఆ రోజు చాలామంది చాలా మంచి మాటలు చెప్పారు. వాటన్నిటిలోనూ నా భార్యకు బాగా నచ్చి ఉండే మాట ఆ ఒక్కటే.

పదోది అంటే ఏమిటో మీకు చెప్పాలి.

ఆమెది శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం వెళ్ళే దారిలో ఒక ఊరు. ఇంటర్ దాకా చదివింది. పెళ్ళయి గజపతినగరం వచ్చాక నలభై ఏళ్ళు సండేస్కూలు నడిపింది. నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు పెద్దవాళ్ళయి, తమ పిల్లల్ని తెచ్చి ఆమెకే అప్పగించేవారు. నా చదువు ఆమె యాసను ఏమీ చేయలేకపోయింది. ఆమె యాస మాత్రం నన్ను కొంత మార్చింది. క్లాసులో అప్పుడప్పుడు 'ఏటి' అనేసి నవ్వులపాలయ్యేవాణ్ణి.

ప్రభువు కథ చూపించే సువార్త సినిమాలంటే ఆమెకు మొదట్లో ఇష్టం ఉండేది కాదు. పల్లెల్లో తెర కట్టి చూపించేవి చాలా చూసింది. వాటిలో పాటలు ఉండేవి. బైబిలు గ్రంథంలో లేని మనుషులు ఉండేవారు. కొరడా దెబ్బలు చాలాసేపు ఉండేవి. జనం ఏడ్చేవారు. ఏడుస్తుండగానే, నమ్మినవాళ్ళు చేతులెత్తమని అడిగేవారు.

"దెబ్బలు సూసి ఏడిసారండీ. ఆయన్ని సూసి కాదు," అనేది ఇంటికొచ్చాక.

తర్వాత ఒకసారి విశాఖపట్నంలో ఏదో సభకు వెళ్ళి ఒక సినిమా తెచ్చింది. సువార్తల్లో ఒకదాన్ని మొదటి మాటనుంచి చివరి మాటదాకా ఉన్నదున్నట్టు తీశారు. తెలుగు గొంతు గ్రంథంలో ఉన్నదే చదువుతుంది. తెర మీద మనుషులు అదే చేస్తారు. సొంతంగా కల్పించిన సంభాషణ ఒక్కటీ లేదని అట్ట మీద రాసి ఉంది. ఆమె నమ్మలేదు. ఒళ్ళో బైబిలు, చేతిలో పెన్సిలు పెట్టుకుని నాలుగు మధ్యాహ్నాలు కూర్చుంది. ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, వచనానికో చుక్క పెట్టుకుంటూ చూసింది. నేను పరీక్ష పేపర్లు కూడా అంత అనుమానంగా దిద్దలేదు.

"ఎన్ని మార్కులు?" అన్నాను.

"నూటికి నూరు. ఒక్క ముక్క ఎగ్గొట్టలేదు. మీరెప్పుడైనా ఎవలికైనా ఏసారేటి?"

వేయలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

సినిమా మొత్తం నాలుగు గంటలు. పల్లెలో ఆడవాళ్ళకు నాలుగు గంటలు కూర్చునే తీరిక ఎక్కడిది? ఎండాకాలంలో వాళ్ళు తెల్లవారుజామునే ఉపాధి పనికి వెళ్ళి, ఎండ ముదిరేలోగా తిరిగొస్తారు. వండి, తిని, గిన్నెలు కడిగాక, పొద్దు వాలే వేళ పశువుల దగ్గరకు వెళ్ళేలోగా ఒక గంట దొరుకుతుంది. ఆ గంట ఆమె కనిపెట్టింది. నన్ను సినిమాను పన్నెండు ముక్కలు చేయమంది. ఒక్కో ముక్క ఇరవై నిమిషాలు. వారానికి ఒకటి. టీవీ ఉన్న ఇల్లు ఒకటి చూసుకోవడం, కిటికీలకు దుప్పట్లు కట్టడం, పెన్‌డ్రైవ్ పెట్టడం. అంతే.

ఆమెకు కొన్ని పద్ధతులు ఉండేవి. సినిమా మాట్లాడేటప్పుడు మనం మాట్లాడకూడదు. ఏ ముక్కా దాటెయ్యకూడదు. చివర్లో ప్రసంగం పెట్టకూడదు. "అడిగితే సెప్పు. అడక్కపోతే టీ పెట్టు," అనేది. తాను ఎప్పుడూ తెర చూసేది కాదు. టీవీ పక్కన ముక్కాలిపీట వేసుకుని, చూసేవాళ్ళ వైపు తిరిగి కూర్చునేది. వాళ్ళు నవ్వితే నవ్వేది. వాళ్ళు పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటే తనూ పెట్టుకునేది. నాకు అది వింతగా ఉండేది. సినిమా నేను చూసేవాణ్ణి, ఆమె మనుషుల్ని చూసేది.

మా సంఘంలో ఒక పెద్దాయనకు ఈ పద్ధతి నచ్చలేదు. మంచివాడే. పని త్వరగా కావాలంటాడు.

"పన్నెండు వారాలెందుకమ్మా? చివరి రెండు ముక్కలూ చూపిస్తే చాలదా? సిలువ, పునరుత్థానం. అసలు సంగతి అదే కదా?" అన్నాడు.

"ఎవడో తెలియనోడు సచ్చిపోతే ఎవలేడుస్తారండీ? ముందు తెలియనివ్వండి," అంది.

ఆయన లేచాడు. వెళ్ళేటప్పుడు నాతో, "మీరెలా నెగ్గుకొస్తున్నారు మాస్టారూ?" అన్నాడు. నెగ్గుకురావడం లేదని చెప్పాను.

పైడమ్మ ఊరు ఆమె చూపించిన వాటిలో ఎన్నోదో నేను లెక్క పెట్టలేదు. ఆమె పెట్టనిచ్చేది కాదు. మొదటి మంగళవారం మేము గుమ్మం ఎక్కుతుంటే పైడమ్మ మామగారు అడ్డంగా నిలబడ్డాడు. తలపాగా తీసి భుజాన వేసుకుని, నెమ్మదిగానే అడిగాడు.

"మా ఆడోళ్ళని మతం మార్సడానికి వచ్చినారేటమ్మా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను నమ్మింది మీకు సూపించాలని వచ్చాను అన్నయ్యగారూ. దాపరికం ఏటీ లేదు. సూసి ఎవలికైనా నచ్చితే సంతోషిస్తాను. నచ్చకపోతే లేచి ఎలిపోవచ్చు. మీరు వద్దంటే ఇప్పుడే నేను ఎలిపోతాను."

"ఎంతసేపుంటాది సినిమా?"

"ఇరవై నిమిషాలు."

"అంతేనేటి?" అన్నాడు. ఆ గొంతులో నిరాశ దాగలేదు. కుర్చీ తెచ్చుకుని అందరికంటే ముందు కూర్చున్నాడు. ఆ తర్వాత ఆ ఊరి అమ్మవారి పండగ ఒక మంగళవారం పడింది. ఆ వారం వద్దని మా ఆవిడే ముందుగా చెప్పింది. మరుసటి వారం మొదట ఆయన్నే, "పండగ బాగా జరిగిందా?" అని అడిగింది. ఆయన పావుగంట చెప్పాడు. ఆమె అంతా విన్నది.

ఇక నా పొరపాటు గురించి.

మొదటి వారం పుట్టుక. పశువుల పాకలో బిడ్డ, గొర్రెల కాపరులు. ఆడవాళ్ళకు అందులో తెలియనిది ఏదీ లేదు. పురుడు ఎవరు పోశారని అడిగారు. గ్రంథంలో లేదని ఆమె చెప్పింది. "సినిమా తీసినోల్లకైనా తెలియాలి కదా," అంది నరసమ్మ. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన చెయ్యి. అందరికంటే దగ్గరగా, టీవీకి రెండు మూరల్లో కూర్చుంది. వెళ్ళేటప్పుడు మా ఆవిడ గడ్డం పట్టుకుని, "బిడ్డడు బాగున్నాడమ్మా. వచ్చీ వారం సూస్తాను," అంది.

రెండో వారం నేను టీవీలో 'ఒకటి' కింద ఉన్న దాన్ని నొక్కాను. ముక్కలకు ఒకటి నుంచి పన్నెండు దాకా నేనే అంకెలు పెట్టాను. ఒకటి కింద ఉండేది రెండే కదా అనుకున్నాను. టీవీ అలా అనుకోలేదు. దాని వరసలో ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు. ఆ తర్వాతే రెండు. ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, చదవకుండా నొక్కాను. మా ఆవిడ ఆ సమయానికి వంటగదిలో పైడమ్మతో టీ గ్లాసులు కడుగుతోంది.

తెర మీద గడ్డం ఉన్న మనిషి కనిపించాడు.

"ఓలమ్మ, పోయిన వారమే కదే పుట్టినాడు. అప్పుడే ఇంత గెడ్డమేటి?" అంది ఒకావిడ. అందరూ నవ్వారు. నేను కూడా ఏదో తేడా ఉందనుకుంటూనే చూస్తున్నాను. ఒలీవ చెట్లు, చీకటి, దివిటీలు, కర్రలు పట్టుకుని వచ్చే మనుషులు. స్నేహితుడు దగ్గరకు వచ్చి ముద్దు పెట్టుకోవడం. చేతులు పట్టుకోవడం. అప్పటికి నాకు అర్థమై రిమోటు కోసం తడుముకుంటున్నాను. అది ఎవరి కాళ్ళకిందో ఉంది.

నరసమ్మ లేచి నిలబడింది.

"ఏటి సేసినాడని అట్టుకుపోతన్నారు?"

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"సెప్పండర్రా, ఏటి సేసినాడు? ఆకిరికి అందరూ ఇంతే," అంది నరసమ్మ. ఆ మాట టీవీతో అన్నదో మాతో అన్నదో తెలియలేదు. గుమ్మంలో నిలబడ్డ మా ఆవిణ్ణి పక్కకు తోసుకుని వెళ్ళిపోయింది.

ఎందుకో పైడమ్మ చెప్పింది. నరసమ్మ కొడుకును ఎప్పుడో ఒక దొంగతనం కేసులో పోలీసులు ఇంట్లోంచి పట్టుకుపోయారు. అతను చేయలేదు. మూడు నెలల తర్వాత వదిలేశారు. అతను ఊళ్ళో తల ఎత్తుకోలేక చెన్నై వెళ్ళి కట్టడం పనుల్లో ఉన్నాడు. ఫోను చేస్తాడు. రాడు.

ఆ రోజు ఆమెను స్కూటరు మీద ఎక్కించుకుని తిరిగొస్తున్నాను. రైల్వే గేటు పడింది. ఆగాం. వెనకనుంచి నెమ్మదిగా, "లెక్కల మాస్టారికి ఒకటి తరవాత పది," అంది. నవ్వడం మొదలుపెట్టింది. గూడ్సు బండి మొత్తం వెళ్ళేదాకా నవ్వింది. పక్కన ఆటోవాడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. గేటు ఎత్తాక, నేను బండి స్టార్ట్ చేస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసి అంది.

"ఆవిడ దగ్గర ప్రభువుని పోలీసోళ్ళ సేతిలో ఒగ్గీసి వచ్చీసామండీ."

ఆ తర్వాత ఏడు వారాలూ ఆమెకు ఆ ఇంట్లో ఉన్న పాతికమంది ఒక ఎత్తు, బయట ఉన్న నరసమ్మ ఒక ఎత్తు.

మూడో వారం నుంచి నరసమ్మ వచ్చేది. లోపలికి కాదు. పైడమ్మ ఇంటి అరుగు మీద, కిటికీకి వీపు పెట్టి, చింతపండు ముందేసుకుని కూర్చునేది. గింజలు తీస్తూ ఉండేది. తన ఇంటి అరుగు ఇంతకంటే చల్లగా ఉంటుంది. ఆ సంగతి అడగకూడదని మా ఆవిడ అందరికీ చెప్పింది.

సినిమా అయ్యాక మా ఆవిడ బయటికి వచ్చి తనూ నాలుగు చింతకాయలు అందుకునేది.

"నరసమ్మప్పా, లోనకి రావేటి?"

"రాను. మిగతాది ఏటయిందో నోటితో సెప్పీ. సాలు."

"నేను సెప్తే నా కత అయిపోతాది. వచ్చి సూడు."

"సెప్పవు?"

"సెప్పను."

"మొండిదానివి."

"నువ్వు తక్కువేటి?"

ఇలా ప్రతి వారం. ఇద్దరికీ అందులో సరదా ఉందని నాకు కొన్నాళ్ళకు అర్థమైంది. మా ఆవిడ నన్ను టీవీకి పెట్టే చిన్న స్పీకరు ఒకటి కొనమంది. దాన్ని కిటికీలో, దుప్పటి వెనక, బయటికి తిప్పి పెట్టింది. లోపలివాళ్ళకు తక్కువ, అరుగు మీదకు ఎక్కువ వినిపించేది. ఎవరూ ఏమీ అనలేదు.

ఏడో వారం తప్పిపోయిన కొడుకు కథ. ఆస్తి పంచుకుపోయి, అంతా తగలేసి, పందుల దగ్గర పనికి కుదిరి, చివరికి ఇంటికి వచ్చే కుర్రవాడు. తండ్రి పరుగెత్తి ఎదురెళ్ళడం, విందు చేయడం. పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు అలిగి బయటే నిలబడడం. లోపల అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. కిటికీ అవతలనుంచి పెద్ద గొంతు వినిపించింది.

"ఆ పెద్దోడు అన్నదాంట్లో తప్పేటున్నాది? పని సేసినోడికి ఒక్క మేకపిల్ల ఇవ్వలేదు కదా."

నియమం ప్రకారం ఎవరూ మాట్లాడకూడదు. మా ఆవిడే నన్ను ఆపమని సైగ చేసింది. నేను ఆపాను. లోపలివాళ్ళు సగంమంది చిన్నవాడి వైపు, సగంమంది పెద్దవాడి వైపు. పైడమ్మ మామగారు ఆస్తి పంపకమే తప్పుగా జరిగిందన్నాడు. కిటికీ లోపలనుంచి బయటికి, బయటనుంచి లోపలికి పావుగంట వాదన.

"తండ్రి అయినాక ఎదురెల్లడా మరి?" అంది పైడమ్మ.

"ఎల్తాడు. ఎల్లొద్దన్నానేటి? కొడుకొస్తే నేనూ ఎల్తాను. ఎంత దూరమైనా ఎల్తాను. పెద్దోడికీ ఒక మాట సెప్పాల కదా అంటన్నాను," అంది నరసమ్మ. తర్వాత కాసేపు గింజల చప్పుడు ఆగిపోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ కాళ్ళు నేల మీద లేవు. "నలభై ఏళ్ళు సండేస్కూల్లో సెప్పానండీ ఈ కత. పెద్దోడి పక్క మాటాడినోళ్ళు ఒక్కరు లేరు. ఈవిడ లోపలికి రాకుండానే లోపలికి వచ్చీసింది," అంది. వంకాయ కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. ఇద్దరం తినేశాం.

తొమ్మిదో వారం తిరిగొస్తూ ఆమె మాట్లాడింది పదోదాని గురించే. నరసమ్మ లేచి వెళ్ళిపోయిన ముక్క అదే. వచ్చే వారం అది మళ్ళీ వస్తుంది. ఈసారి సరైన చోట.

"పదోది దాటేసి నేరుగా పన్నెండు పెడదామా? అరుగు మీద ఉన్నావిడకు తెలియదు," అన్నాను.

"అది ఆవిడికి అబద్ధం సూపినట్టండీ. అట్టుకుపోయింది నిజమే కదా. ఆవిడ కొడుకునీ అట్టుకుపోయారు. అది దాటేసి సివరికి అంతా బాగుందని ఎలా సెప్తాం?" మళ్ళీ తనే, "ఈసారి మీరు లోన సూసుకోండి. నేను అరుగు మీద ఆవిడ పక్కన కూకుంటాను. లేస్తే నేనూ లేస్తాను," అంది.

ఆ వచ్చే మంగళవారం ఉదయమే ఆమె జడ వేసుకోవడానికి కూర్చుంది.

ఆమెను సమాధి చేసేటప్పుడు పైడమ్మ ఊరినుంచి రెండు ఆటోల్లో వచ్చారు. నరసమ్మ రాలేదు. "నేను రానని సెప్పమన్నాది," అంది పైడమ్మ, నా ముఖం చూడకుండా.

మూడు వారాలు నేను ఇంట్లోంచి కదల్లేదు. నాలుగో మంగళవారం రెండు గంటలకు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాను. ఎందుకు వెళ్ళానో పెద్దగా ఆలోచించలేదు. పెట్టిన లెక్క సగంలో వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. ముందుగా ఎవరికీ చెప్పలేదు. స్కూటరు చప్పుడు విని ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ ఏడవలేదు. చాప వేశారు, దుప్పట్లు కట్టారు. ముక్కాలిపీట ఎవరో గోడకు చేర్చి పెట్టారు.

"రిమోటు నాకియ్యండి మాస్టారూ. ఏది నొక్కాలో నాకు తెలుసు," అంది పైడమ్మ. అందరూ నా వైపు చూసి నవ్వు ఆపుకున్నారు. ఆ సినిమాలో ఒకటి తర్వాత పది నొక్కిన మాస్టారుగా ఆ ఊళ్ళో నేను చాలాకాలం ఉంటాను.

నేను అరుగు మీదకు వెళ్ళాను. నరసమ్మ ఉంది. చింతపండు అయిపోయింది. విత్తనానికి శనగకాయలు వొలుస్తోంది. నన్ను చూసి జరిగింది. చేటలోంచి సగం కాయలు నా ముందు పోసింది.

"నొప్పి పడినాదేటి?" అంది.

"లేదు."

"మంచిదే." ఇంకో నాలుగు కాయలు వొలిచాక, "పూడ్సడానికి నేను రాను, ఎక్కడికీ. అలవాటు లేదు. పుట్టిన కాడికే ఎల్తాను," అంది.

లోపల పదోది మొదలైంది. కిటికీలోంచి గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. తోట వచ్చింది. దివిటీలు వచ్చాయి. నేను ఆమె వైపు చూడలేదు. లేస్తే ఏం చేయాలో మా ఆవిడ చెప్పింది. నేనూ లేవాలి. కాయలు వొలిచే చప్పుడు వేగంగా అయింది, తర్వాత నెమ్మదించింది. ఆమె లేవలేదు.

"మా వోడు మూడు నెలలు లోనున్నాడు. మంగళారం మంగళారం ఎల్లేదాన్ని. సిన్న కిటికీ ఉండేది. మాటాడనిచ్చేవోరు కాదు. నిలబడి సూసి వచ్చీసేదాన్ని," అంది.

నేను ఇంకో కాయ అందుకున్నాను. నాకు అలాంటప్పుడు మాటలు రావు. ఆ అరుగు మీద అదే మంచిదైంది.

పదకొండో వారం కూడా అలాగే కూర్చున్నాం. సిలువ. లోపల ఎవరో వెక్కుతున్నారు. తెలుగు గొంతు చదువుతూ చదువుతూ, ఆయన వెంట వచ్చిన ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూస్తున్నారన్న మాట చదివింది. నరసమ్మ చేటలో చెయ్యి ఆపింది.

"ఆడోళ్ళున్నారేటి అక్కడ?"

"ఉన్నారు," అన్నాను.

"నిన్నడగలేదు." కిటికీ వైపు తిరిగింది. "పైడీ. ఆడోళ్ళున్నారేటే?"

"ఉన్నారప్పా. దూరాన నిలబడిపోయి సూస్తన్నారు. కదలడం లేదు," అంది పైడమ్మ లోపలనుంచి.

నరసమ్మ ఒళ్ళో పొట్టు దులిపింది. లేచింది. నేనూ లేచాను. ఆమె వీధి వైపు వెళ్ళలేదు. గుమ్మం పట్టుకుని, తల లోపలికి పెట్టి నిలబడింది. ఆ ఆడవాళ్ళలాగే నిలబడింది. సినిమా ఆగేదాకా గుమ్మం దాటలేదు, వెనక్కీ రాలేదు.

పన్నెండో వారం నేను వెళ్ళేసరికి టీవీకి రెండు మూరల దూరంలో నరసమ్మ కూర్చుని ఉంది. నన్ను ముక్కాలిపీట మీద కూర్చోమన్నారు. దాంతో తెర నా పక్కన, మనుషులు నా ఎదురుగా. అలా ఎప్పుడూ కూర్చోలేదు నేను. తెర చూడాలంటే మెడ తిప్పాలి. కాసేపటికి తిప్పడం మానేశాను.

మా ఆవిడ ఇన్నేళ్ళూ చూసిన సినిమా ఇది. ఇరవై అయిదు ముఖాలు. తెల్లవారుతుంటే ఆడవాళ్ళు సుగంధాలు పట్టుకుని సమాధి దగ్గరకు వెళ్ళేటప్పుడు చూస్తున్నవాళ్ళ ముఖాల మీద తెల్లవారింది. లోపల ఎవరూ లేరని తెలిసినప్పుడు పైడమ్మ మామగారు కుర్చీలో ముందుకు జరిగాడు. సినిమాలో ఆ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి చెప్తే మగవాళ్ళు వట్టి మాటలని కొట్టిపారేశారు.

"ఆడోళ్ళు సెప్తే ఎప్పుడు నమ్మినారు కనక," అంది నరసమ్మ. గది గది అంతా నవ్వింది. పైడమ్మ మామగారు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ప్రభువు శిష్యుల మధ్యకు వచ్చి నిలబడ్డాడని గొంతు చదివింది. వాళ్ళు భూతమనుకుని భయపడ్డారు. చేతులు చూపించాడు, కాళ్ళు చూపించాడు. ఇంకా నమ్మలేక చూస్తున్నారు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు. కాల్చిన చేప ముక్క ఇచ్చారు. తీసుకుని వాళ్ళ ముందే తిన్నాడు.

"తిన్నాడు," అంది నరసమ్మ. ఆమె గొంతు మొదటి వారం బిడ్డను చూసినప్పటి గొంతు. "సూడర్రా. నిజంగానే తిన్నాడు. ఆకలేసింది మరి. అన్ని దినాలాయె."

సినిమా అయిపోయింది. ఎవరూ లేవలేదు. ఏమైనా అడుగుతారేమో అని చూశాను. అడిగితే చెప్పడానికి నా దగ్గర నా భార్య అంత లేదు, కానీ ఉన్నది చెప్పేవాణ్ణి. నరసమ్మ ఏమి నమ్మిందో నాకు తెలియదు. ఇప్పుడు ఆమె దగ్గర ప్రభువు పోలీసుల చేతిలో లేడు. అంతవరకు తెలుసు.

నరసమ్మే అడిగింది. నన్ను.

"నువ్వు తిన్నావేటి బావూ?"

"తిన్నాను."

"ఏటి తిన్నావు?"

నా భార్య ఉంటే నిజం చెప్పమనేది. "బ్రెడ్డు," అన్నాను.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నరసమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి బయటికి వెళ్ళింది. అయిదు నిమిషాల్లో కంచంతో వచ్చింది. అన్నం, పక్కన నెత్తళ్ళ ఇగురు. చిన్న చేపలు, చింతపండులో ఎర్రగా ఉడికి ఉన్నాయి. కంచం నా ఒళ్ళో పెట్టింది. చెయ్యి కడుక్కోవడానికి పైడమ్మ చెంబు పట్టుకుంది.

నేను కలుపుకుని మొదటి ముద్ద తిన్నాను. కారంగా ఉంది. బాగుంది.

"ముల్లు సూసుకో," అంది నరసమ్మ.

రెండో ముద్ద తిన్నాను. మూడోది తిన్నాను. పనులకు వెళ్ళే వేళ దాటిపోయింది. బయట ఎవరిదో ఆవు అరుస్తోంది. ఆ పాతికమందీ చాప మీద అలాగే కూర్చుని, ముఖాలు ఎత్తి నేను తినడం చూస్తున్నారు. నేను కంచం ఖాళీ చేసేదాకా ఒక్కరూ లేవలేదు.